ఆలస్యపు చీటీ

గురువారం ఉదయం పది గంటలకు తొబిమత్సు రైలు స్టేషను వెనక గదిలో నేనొక మూర్ఖుడి ఎదురుగా కూర్చున్నాను. పన్నెండు గంటలకు అతన్ని హత్యానేరం మీద అరెస్టు చేయబోతున్నారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి కూడా నాకు టీ పోశాడు, కప్పు మీది పువ్వు నా వైపు వచ్చేలా తిప్పి పెట్టాడు, తర్వాత రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

మూర్ఖుడి పేరు వకుయి సదావొ. యాభై తొమ్మిదేళ్లు. ఈ లోకల్ లైనులో ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు, ఇంకో ఇరవై రోజుల్లో రిటైర్మెంటు. ఇన్నేళ్లలో ఒక్క మెమో కూడా అందుకోలేదని అతని భార్య ఫుసయె నాకు ఫోనులో మూడుసార్లు చెప్పింది. మొగుడు జైలుకు పోతున్నాడని ఒకసారే చెప్పింది. ఆ ఇంట్లో దేనికెంత విలువో నాకు అప్పుడే అర్థమైంది.

నా పేరు కుగ తొమియె. ప్రైవేటు డిటెక్టివ్‌ని. అంతకుముందు ఇరవై రెండేళ్లు పోలీసు శాఖలో పనిచేశాను. నాకంటే తెలివితక్కువ మగవాళ్లకు టీలు పోసి పోసి విసుగెత్తి, ఒకరోజు కెటిల్ వాళ్ల బల్ల మీదే వదిలేసి వచ్చేశాను. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ సెనో అప్పట్లో నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఏం నేర్చుకున్నాడో ఈపాటికి ఊరందరికీ తెలిసింది.

జరిగింది ఇది. మంగళవారం ఉదయం 7:38కి రావలసిన బండి 7:52కి వచ్చింది. వెనకటి స్టేషనులో ఎవరిదో గొడుగు తలుపులో ఇరుక్కుందట. 7:54కి దక్షిణపు మెట్ల కింద ముకైదా అనే డెబ్భై ఒక్కేళ్ల ముసలాయన తల పగిలి కనిపించాడు. మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. మెలకువ రాలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. గేటు పక్క కిటికీలో కూర్చోవలసిన వకుయి 7:49 నుంచి 7:55 దాకా కుర్చీలో లేడు. బండెడు జనం దిగే వేళకు సరిగ్గా లేచి మాయమయ్యాడు. అది కెమెరాలో పడింది. ఆ కెమెరా కూడా ప్రయాణికుల కోసం పెట్టింది కాదు, ఉద్యోగి కుర్చీలో ఉన్నాడో లేదో చూడటానికి కంపెనీ పెట్టుకున్నది. దక్షిణపు మెట్ల దగ్గరి కెమెరాకు మాత్రం నెల రోజులుగా పెయింటు పనుల సంచి తొడిగి ఉంది. కింద ఒక బోర్డు, దాని మీద హెల్మెట్ పెట్టుకుని నడుం వంచి క్షమాపణ చెబుతున్న బొమ్మ. మనిషి చచ్చినా ఆ బొమ్మ క్షమాపణ చెబుతూనే ఉంది.

వకుయికి పగ ఉందని కూడా సెనో తేల్చాడు. ముకైదా ముసలాయనకు వేరే పని లేదు. రోజూ ఉదయం స్టేషనుకు వచ్చి తప్పులు వెతికి, కాగితం మీద రాసి, నడవలో ఉన్న ఫిర్యాదుల పెట్టెలో వేసి పోయేవాడు. రెండేళ్లలో రెండువందల పద్నాలుగు ఫిర్యాదులు. వకుయి టై వంకరగా ఉందట. ప్రకటన మధ్యలో దగ్గాడట. చీపురు ప్రయాణికుల వైపు పట్టుకున్నాడట. నేనైతే రెండో వారంలోనే ఆ ముసలాయన్ని తోసేసి ఉండేదాన్ని. వకుయి మాత్రం ప్రతి కాగితానికీ నంబరు వేసి ఫైలు చేశాడు.

ఆ ఆరు నిమిషాలూ ఎక్కడున్నారని అడిగాను. వెనక గదిలో ఉన్నానన్నాడు. ఏం చేస్తున్నారంటే డ్యూటీ పని అన్నాడు. ఏ డ్యూటీ అంటే నా కప్పులో ఇంకాస్త టీ పోశాడు. పోలీసులకూ ఇంతే చెప్పాడట. మాటలతో లాభం లేదని లేచి, ముందు ఆ మెట్లు చూపించమన్నాను.

తొబిమత్సులో ప్లాట్‌ఫారం గట్టు మీద ఉంటుంది. రెండు కొసల నుంచీ మెట్లు దిగి కింద ఒకే నడవలో కలుస్తాయి. నడవకు ఉత్తరాన గేటు, వకుయి కిటికీ. దక్షిణపు మెట్లు మలుపు తిరిగాక ఉంటాయి, కిటికీలోంచి కనిపించవు. వెనక గది తలుపు నడవ మధ్యలోకి తెరుచుకుంటుంది. ఆ తలుపు దగ్గర్నుంచి పై మెట్టు దాకా వకుయిని నడిపించి గడియారం చూశాను. మోకాలు బాగాలేదు, పైగా మలుపు వచ్చినప్పుడల్లా ఆగి, తెల్ల గ్లవుజు వేలు చాచి 'కుడివైపు, సరే, ఎడమవైపు, సరే' అంటాడు. వేలు చూపకుండా నడవలేరా అంటే, రైల్వేలో అలాగే నేర్పారండీ, అలవాటైపోయింది అన్నాడు. వెళ్లడానికి నిమిషం నలభై సెకన్లు, రావడానికి నిమిషం పాతిక. ముసలాయన్ని తోయడానికి ఒక్క సెకను చాలు. ఆరు నిమిషాల్లో తీరిగ్గా చంపి రావచ్చు. నా లెక్క నా క్లయింటునే ముంచేలా ఉందని నాకు ఒళ్లు మండింది.

మెట్లు ఇరవై ఏడు. పై నుంచి ఆరో మెట్టు పక్కన గోడలో ఒక గూడు ఉంది. పూర్వం అందులో మంటలార్పే సిలిండరు ఉండేదట, తీసేశాక మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది. అందులో నిలబడి చూశాను. కింది నుంచి ఎక్కేవాళ్లకు నేను కనిపించను. నన్ను దాటి పైకి పోయేవాళ్ల వీపులు మాత్రం నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గర. గూటి గోడకు భుజం ఎత్తున సున్నం అరిగి నున్నగా ఉంది. ఎవరో అక్కడ ఒకసారి కాదు, చాలాసార్లు ఆనుకుని నిలబడ్డారు. సెనో మనుషులు ఇరవై ఏడు మెట్లకూ నంబర్లు పెట్టి ఫోటోలు తీశారు. గూటిని మాత్రం ఒక్కడూ తీయలేదు.

వెనక గదికి తిరిగొచ్చి ఈసారి కూర్చోలేదు. అక్కడ పోలీసులు రక్తపు మరకల కోసం గాలించి పోయారు. నేను బల్ల మీద పరిచిన రబ్బరు షీటు ఎత్తాను. దాని కింద గోటి కొసంత కాగితపు ముక్కలు పదిపన్నెండు ఉన్నాయి. ఒక పక్క గుండ్రం, ఒక పక్క సూటి. టిక్కెట్ల కత్తెరతో కాగితం అంచున గాటు పెడితే రాలే ముక్కలు. వకుయి వాటిని ఏరడానికి చెయ్యి చాచాడు.

"ఆలస్యపు చీటీలు కత్తిరించారు కదూ?" అన్నాను.

పెద్ద లైన్లలో ఇప్పుడవి ఫోనులోనే వస్తాయి. మా లోకల్‌కు ఇంకా కత్తెరే గతి. అరచేతిలో పట్టే చీటీ. చుట్టూ అంచు మీద తేదీలు, ఐదు, పది, పదిహేను, ఇరవై అని నిమిషాలు అచ్చువేసి ఉంటాయి. బండి ఎంత ఆలస్యమైతే ఆ అంకె దగ్గర గాటు పెట్టి గేటు దగ్గర ఇస్తారు. దాన్ని ఆఫీసులో ఇచ్చి తలవంచితే ఆలస్యం మాఫీ. ఈ దేశంలో సగం మంది మగాళ్ల పరువు ఆ గాటు మీదే నిలబడి ఉంది.

ఇక దాచలేనని అతనికి తెలిసింది. కానీ ఆ చెప్పడం చూస్తే నిజంగా మనిషిని చంపినవాడు ఒప్పుకుంటున్నట్టే ఉంది. పోయిన నెల ముకైదా ఒక ఫిర్యాదు రాశాడట. ఆలస్యపు చీటీ కోసం గేటు దగ్గర నాలుగు నిమిషాలు నిలబడ్డాను, ముందే సిద్ధం చేసుకోలేరా అని. అది వకుయి మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకని మంగళవారం 7:43కి, ఐదు నిమిషాలు దాటగానే, కుర్చీలోనే కూర్చుని ఇరవై చీటీలకు ఐదు దగ్గర గాటు పెట్టాడు. బండి కోసం చూసి చూసి బస్సుకు పోతున్న ఐదుగురికి తన చేత్తో ఇచ్చాడు. మిగిలిన పదిహేను కిటికీ ముందు ట్రేలో పెట్టాడు. నిబంధన ప్రకారం బండి వచ్చాకే, బండ్ల రాకపోకలు చూసే కంట్రోలు రూము చెప్పిన అంకెతోనే చీటీ ఇవ్వాలి. ముప్పై ఎనిమిదేళ్లలో అతను తప్పిన మొదటి నిబంధన అది.

7:49కి కంట్రోలు ఫోను చేసి పదిహేను నిమిషాలని చెప్పింది. పదిహేను నిమిషాలు ఆలస్యమైన మనిషి చేతిలో ఐదు గాటు చీటీ పెడితే అది అబద్ధమవుతుందట. ట్రే తీసుకుని వెనక గదిలోకి పరుగెత్తి, నూట యాభై కొత్త చీటీలకు పదిహేను దగ్గర గాట్లు పెట్టి, 7:55కి తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. దిగిన జనం అప్పటిదాకా ఖాళీ కిటికీ ముందు క్యూ కట్టి నిలబడ్డారు.

"ఇది పోలీసులకు చెప్పడానికేం?" అన్నాను.

సొరుగు తెరిచి ఒక కవరు తీశాడు. మీద చక్కటి అక్షరాలతో 'ఐదు నిమిషాలవి, పధ్నాలుగు' అని రాసి ఉంది. ట్రేలో పదిహేను పెడితే తిరిగి తెచ్చింది పధ్నాలుగేనట. ఒకటి ఎవరికీ ఇవ్వలేదు, కానీ లేదు. రెండు రోజులుగా చెత్తబుట్టలు, సొరుగులు, బల్ల కింద అన్నీ వెతుకుతున్నాడు. ముందే ఇచ్చానని చెబితే లెక్క అడుగుతారు, లెక్క అడిగితే ఒకటి పోయిందని బయటపడుతుంది.

"మెడకు హత్య చుట్టుకుంటుంటే మీరు చీటీ వెతుకుతున్నారా?"

"హత్య నేను చేయలేదు కదండీ. చీటీ మాత్రం నేనే పోగొట్టాను."

ఇటువంటి మనిషిని కాపాడాలంటే ముందు చెంప పగలగొట్టాలి. ఆ పని ఫుసయెకు వదిలేసి, చేతిలో కత్తెర పెట్టి నూట యాభై చీటీలు మళ్లీ కత్తిరించమన్నాను. పాత కాగితాలు ఇచ్చి గడియారం చూశాను. అయిదేసి కలిపి పట్టుకుంటాడు, తేదీకి ఒక గాటు, నిమిషాలకు ఒక గాటు, ఒక్కటీ గీత తప్పదు. ఐదుంబావు నిమిషాలు పట్టింది. మిగిలిన ముప్పావు నిమిషంలో ఆ మోకాలితో అతను నడవ మలుపు కూడా దాటలేడు. బల్ల మీద పడ్డ ముక్కలన్నీ అతను ఏరి డబ్బాలో వేసుకుంటున్నాడు. దయచేసి ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని అడిగాడు. నేను మాట ఇవ్వలేదు.

పదీ నలభైకి సెనో వచ్చాడు. జేబులోంచి దువ్వెన కొస కనిపిస్తోంది. వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల మధ్య తన సాక్షి. అరెస్టుకు ముందు సాక్షిని మెట్ల దగ్గర నిలబెట్టి ఫోటో తీయించుకుంటే పైవాళ్లకు ముచ్చటగా ఉంటుందని తెచ్చాడు.

"కుగ గారూ, ఇంకా తిరుగుతూనే ఉన్నారా? ఈ వయసులో మోకాళ్లు జాగ్రత్త," అన్నాడు.

"నీ బుర్ర కంటే నా మోకాళ్లే నయం సెనో. అవి కాస్త కదులుతున్నాయి."

కానిస్టేబుళ్లలో ఒకడు నవ్వబోయి దగ్గుకున్నాడు. నేను కాగితపు ముక్కలు, కత్తెర, కంట్రోలు ఫోను, ఐదుంబావు నిమిషాలు అన్నీ సెనో ముందు పెట్టాను. వకుయి తల వంచుకుని నేల చూస్తున్నాడు. సెనో ఓపిగ్గా విన్నట్టు నటించాడు. వాడికి వచ్చిన విద్య అదొక్కటే.

"ఆ నూట యాభై చీటీలూ ముందే కత్తిరించి పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఖాళీగా వెళ్లి ముసలాయన్ని తోశాడు," అన్నాడు.

"ఎన్ని నిమిషాలని కత్తిరించి పెట్టుకున్నాడు? 7:49 దాకా పదిహేనని కంట్రోలుకే తెలియదు. వకుయికి కలొచ్చిందా?"

సెనో ఫైలు తెరిచాడు. జవాబు లేనప్పుడు ఫైలు తెరవడం వాడికి మొదట్నించీ అలవాటు. సాక్షిని ముందుకు పిలిచాడు. పేరు ఇబుకి, నలభై నాలుగేళ్లు, నీటి మీటర్ల కంపెనీలో సెక్షన్ హెడ్. బూడిదరంగు కోటు, తోలు సంచి, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. మంగళవారం ఆ ఆలస్యపు బండి చివరి పెట్టెలోంచి దిగానన్నాడు. దక్షిణపు మెట్ల దగ్గరికి వస్తే కింద ముసలాయన పడి ఉన్నాడట, యూనిఫారం, తెల్ల గ్లవుజులు వేసుకున్న మనిషి నడవలోకి జారుకుంటున్నాడట. మొదట కేక వేసింది తనేనట. చదివి అప్పజెప్పినట్టు చెప్పాడు.

అతని టిక్కెట్టు కార్డు లెక్క నేను ముందే చూశాను. ఎక్కిన స్టేషనులో 7:04కి లోపలికి వచ్చాడు. అక్కడి నుంచి 7:08కి ఒక బండి, 7:23కి ఇంకోటి. ముందు బండి ఇక్కడికి 7:23కి చేరుతుంది, తర్వాతది 7:38కి చేరాలి. ఏ బండిలో వచ్చాడో కార్డు చెప్పదు. ఆ మాటే అన్నాను.

సెనో మొహం వెలిగిపోయింది. ఫైల్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా ముక్కు ముందు ఆడించాడు. లోపల ఒక ఆలస్యపు చీటీ.

"ఇబుకి గారు పక్కా మనిషి. అడక్కుండానే ఇది తెచ్చిచ్చారు. 7:38 బండి ఆలస్యమైందని స్టేషను వాళ్లే ఇచ్చిన కాగితం. ఆఫీసులో ముద్ర కూడా పడింది. ఇంతకంటే ఏం కావాలి మీకు?"

కవరు లాక్కుని చూశాను. చీటీ మూల ఎర్రటి ముద్ర, 'అందినది, సెక్షన్ హెడ్ ఇబుకి' అని. అంటే ఈ మహానుభావుడు తన ఆలస్యానికి తానే చీటీ సమర్పించుకుని, తానే పుచ్చుకుని, తన మీద తానే ముద్ర కొట్టుకున్నాడు. నవ్వు ఆపుకుని చీటీని దీపం వైపు ఎత్తాను. తేదీ దగ్గర గాటు సరిగ్గా ఉంది. నిమిషాల వైపు తిప్పాను.

గాటు ఐదు దగ్గర ఉంది.

తొందరపడలేదు. ఈ చీటీ ఎప్పుడు తీసుకున్నారని ఇబుకిని మర్యాదగా అడిగాను. పోలీసులతో మాట్లాడాక, ఎనిమిదీ పదికి బయటికి వెళ్తూ కిటికీ దగ్గర తీసుకున్నానన్నాడు. ఎవరిచ్చారంటే వకుయి వైపు చూడకుండా, ఈయనే అన్నాడు.

"వకుయి గారూ," అన్నాను, "ఎనిమిదీ పదికి మీరిచ్చిన చీటీల మీద గాటు ఎక్కడుంది?"

నోరు విప్పితే తన తప్పు బయటపడుతుంది. విప్పకపోతే గంటలో సంకెళ్లు. మామూలు మనిషికి ఇందులో ఆలోచించడానికేమీ లేదు. ఈయన ఆలోచించాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి లేచి, టోపీ సర్దుకుని, సెనో ముందు నడుం దాకా వంగాడు.

"పదిహేను దగ్గరండీ. ఐదు గాటువి ఇరవై కత్తిరించాను. బండి రాకముందే ఇచ్చాను, నాదే తప్పు. ఐదు చేతికిచ్చాను, పధ్నాలుగు సొరుగులో ఉన్నాయి. 7:49 తర్వాత ట్రేలో ఒక్కటీ లేదు." కవరు వైపు తెల్ల గ్లవుజు వేలు చాచాడు. "చీటీ, ఒకటి, దొరికింది."

మిగతాది నేనే విడమరిచాను, ఎందుకంటే సెనోకు అన్నం కలిపి నోట్లో పెట్టినా నమలడం చెప్పాలి. బండి 7:52కి వచ్చింది. ఈ చీటీ 7:43కీ 7:49కీ మధ్య ట్రేలోంచి పోయింది. బండిలో ఉన్న మనిషి చెయ్యి అక్కడి నుంచి ఈ ట్రే దాకా సాగదు. ఇబుకి ముందు బండిలోనే వచ్చాడు, అరగంట ఇక్కడే ఉన్నాడు. ముసలాయన్ని తోసి, గేటు దాకా వచ్చి, ఆఫీసుకు ఆలస్యమైందని గుర్తొచ్చి, వకుయి కంట్రోలు ఫోను ఎత్తినప్పుడు ట్రేలోంచి బుద్ధిగా ఒక చీటీ తీసుకున్నాడు. మనిషిని చంపడానికి జంకాడో లేదో తెలియదు కానీ, చీటీ లేకుండా ఆఫీసుకు పోవడానికి మాత్రం జంకాడు.

"మరి బయటికి పోకుండా మెట్ల దగ్గరికెందుకు తిరిగొచ్చాడు?" అని సెనో అడిగాడు. ఇరవై ఏళ్లలో వాడు అడిగిన మొదటి పనికొచ్చే ప్రశ్న.

"ఏదో పడేసుకుని ఉంటాడు. దానికోసం వస్తే బండి వచ్చేసింది, జనం దిగారు. ముసలాయన పక్కన దొరికిపోయేవాడు సాక్షి అయిపోయాడు. నువ్వు కుర్చీ వేసి కూర్చోబెట్టావు."

ఇబుకి తొణకలేదు. చీటీ ఎక్కడ తీసుకున్నానో సరిగా గుర్తులేదని, బహుశా నేల మీద పడి ఉంటే ఏరుకుని ఉంటానని అన్నాడు. పైగా ఆ ముసలాయన ఎవరో కూడా తనకు తెలియదన్నాడు, తనకేం పని ఆయనతో అన్నాడు. సెనో వెంటనే ఆ కొమ్మ పట్టుకున్నాడు. ఎందుకు చంపుతాడు, కారణం చూపించండి కుగ గారూ అన్నాడు. వాడికి వకుయి పోతే ఇంకో మనిషిని వెతకాలన్న బద్ధకం తప్ప మరేం లేదు.

కారణం గూట్లో ఉందని నాకు తెలుసు. అరిగిన సున్నం కోర్టులో మాట్లాడదు. రోజూ ఉదయం ఈ స్టేషనులో తప్పులు వెతికే మనిషి ఒక్కడే ఉన్నాడు, అతను చచ్చిపోయాడు. నేను వకుయి వైపు తిరిగాను. ముకైదా చివరి ఫిర్యాదు ఏ రోజుదని అడిగాను.

"రెండువందల పద్నాలుగోది పోయిన శుక్రవారం పెట్టె తెరిచినప్పుడు వచ్చిందండీ."

"సోమవారం, మంగళవారం వేసినవో?"

"పెట్టెలోనే ఉంటాయి. పెట్టె శుక్రవారం సాయంత్రం ఐదింటికి తెరవాలి."

సెనోను చూశాను. కళ్లు దించుకున్నాడు. ఫైలు మొత్తం మోసుకుపోయి చదివారు, వకుయిని తిట్టిన మాటల కింద ఎర్రగీతలు గీశారు. నడవలో, చచ్చినవాడికి ముప్పై అడుగుల దూరంలో ఉన్న పెట్టెను మాత్రం, శుక్రవారం రాలేదు కాబట్టి, ఎవరూ ముట్టుకోలేదు.

అందరం నడవలోకి నడిచాం. పెట్టె తాళం మీద కాగితపు పట్టీ అంటించి, స్టేషను మాస్టరు ముద్ర వేసి ఉంది. ఆ మాస్టరు మూడు స్టేషన్లకు ఒక్కడు, ఇక్కడికి వారానికోసారి వస్తాడు. తాళంచెవి వకుయి దగ్గర ఉంది, ముద్ర చించే హక్కు లేదు. వారెంటు తెప్పిస్తానని సెనో గొణిగాడు. తెప్పించేసరికి పన్నెండు దాటుతుందని నేనన్నాను. ఇబుకి సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

వకుయి అందరినీ దాటుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. గడియారం చూసుకున్నాడు. వేలు చాచాడు.

"పెట్టె ముద్ర, చించుతున్నాను. పది యాభై ఎనిమిది," అని పైకి చెప్పి, పట్టీని రెండుగా చించాడు.

లోపల రెండే కాగితాలు ఉన్నాయి. సోమవారందాంట్లో గూట్లో ఒక మనిషి నిలబడుతున్నాడని ఉంది. మంగళవారందాన్ని సెనో తీసుకుని చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర గొంతు తగ్గించాడు. నేను లాక్కుని అందరికీ వినిపించేలా చదివాను.

"సోమవారం రాసిన మనిషి మళ్లీ వచ్చాడు. బూడిదరంగు కోటు, తోలు సంచి. 7:23 బండి దిగి ఇంతవరకు బయటికి పోలేదు. మెట్ల గూట్లో నిలబడి, ఎక్కే ఆడవాళ్ల వెనక ఫోను కిందికి పట్టి ఫోటోలు తీస్తున్నాడు. నేనే వెళ్లి పట్టుకొస్తాను. వకుయికి చెప్పలేదు. అతను కుర్చీ వదలకూడదు. సమయం 7:44. ముకైదా."

కాగితం కింద, ఇంకాస్త చోటు మిగిలిందని కాబోలు, ఇంకో వాక్యం ఉంది. చీటీలు ఈరోజు ముందే సిద్ధంగా ఉన్నాయి, సంతోషం అని. రెండువందల పదహారు కాగితాల్లో ముసలాయన రాసిన మంచిమాట అదొక్కటే. అది చదివినప్పుడు వకుయి ఒక అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం నేనతన్ని మూర్ఖుడని అనుకోలేదు.

సెనో ఇబుకి భుజం మీద చెయ్యి వేసి ఫోను ఇవ్వమన్నాడు. గొంతులో ఇప్పుడు 'గారు' లేదు. ఇబుకి గింజుకోలేదు, పారిపోలేదు. ఫోనును రెండు చేతులతో, తల కొంచెం వంచి అందించాడు. దాని అద్దం ఒక మూల పగిలి ఉంది. దేనికోసం మెట్ల దగ్గరికి తిరిగొచ్చాడో అది చూడగానే తెలిసింది. కానిస్టేబుళ్లు చెరో పక్కన నిలబడ్డారు. ముసలాయన చెయ్యి పట్టుకుంటే విదిలించాను, అంతే అన్నాడు ఇబుకి. వర్షం పడుతుందేమో అన్నంత మామూలుగా చెప్పాడు.

గేటు దాకా వచ్చాక ఆగాడు. ఆగనివ్వకుండా లాగబోయిన కానిస్టేబులుకు 'ఒక్క నిమిషం' అని చెప్పి, గోడ గడియారం చూశాడు. 11:06. ఆఫీసులో పదకొండింటికి మీటింగు ఉందన్నాడు. అప్పటికే తన కుర్చీలోకి వెళ్లి కూర్చున్న వకుయి వైపు వంగి, గొంతు సవరించుకున్నాడు.

"క్షమించండి, ఈరోజు కూడా ఆలస్యమయ్యేలా ఉంది. ఆఫీసుకు పంపడానికి చీటీ ఏమైనా ఇప్పించగలరా?"

వకుయి చెయ్యి తనంతట తానే కత్తెర మీదికి పోయింది. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. కత్తెర పైకెత్తాడు కూడా. ఈ దేశం మీద నాకు మిగిలిన కాస్త నమ్మకం ఆ కత్తెర కొసన ఉంది. వకుయి కత్తెరను మెల్లగా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుని, నడుం వంచాడు.

"మన్నించాలండీ," అన్నాడు. "ఈరోజు మా బండ్లన్నీ వేళకే నడుస్తున్నాయి."